ఏటికొప్పాక లక్కపిడతలు: పిల్లల వంటాటకు ఏ సెట్టు మంచిది, చలికాలం షికార్లలో ఎంతవరకు తట్టుకుంటుంది

మూడేళ్లు దాటిన పిల్లలకు వంటాట సామాను కొనాలంటే ఏటికొప్పాక లక్కపిడతల్ని మించింది ఇప్పటికీ లేదు. అయితే ఆ పేరుతో అమ్మే సెట్లన్నీ ఆటకు పనికొచ్చేవి కావు. కొన్ని బొమ్మల కొలువు మెట్ల మీద పెట్టడానికి చేసినవి, కొన్ని అద్దాల బీరువాకి చేసినవి. వాటిని పిల్లల చేతికిస్తే ముందు పిడులు ఊడతాయి, తర్వాత ఆసక్తి పోతుంది. ఇక్కడ రాస్తున్నది ఆడించడానికి కొనేవాళ్ల కోసం. ముఖ్యంగా కార్తీకం మొదలు సంక్రాంతి దాకా పిల్లల్ని వెంటేసుకుని వనభోజనాలకీ, అరకు, లంబసింగి వైపుకీ బయల్దేరేవాళ్ల కోసం.

ఇవి ఎలా తయారవుతాయో తెలిస్తే ఏది కొనాలన్నది సగం తేలిపోతుంది. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడివాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా ఉండి లేతు (కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద సాఫీగా తెగుతుంది, పొట్టు రేగదు. గిన్నె ఆకారం వచ్చాక అదే లేతు మీద తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెస్తారు. బ్రష్షూ లేదు, డబ్బా పెయింటూ లేదు. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చినందుకు ఆ ఊరి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకు, ఈ ఊరికే చెందినవని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. 2025 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా వీటిదే.

లేతు గుండ్రటి వస్తువునే చేస్తుంది. మొత్తం సమీక్షలో గుర్తుంచుకోవాల్సిన మాట ఇదొక్కటే అనుకోండి. చెంబు, బిందె, రోలు, రోకలి, తిరగలి బిళ్లలు, పళ్లెం, కుండ, మూత, చపాతీ కర్ర దేనికది ఒకే ముక్కలోంచి వస్తాయి, కాబట్టి అంత తేలిగ్గా విరగవు. పిడి, కొమ్ము, కాళ్లు, బల్లపరుపు పలక ఉన్నవన్నీ విడిగా చేసి జిగురుతోనో, చిన్న చీల దిగ్గొట్టో అతికించినవే. ఊడేది ఎప్పుడూ ఆ అతుకు దగ్గరే. అందుకే ఈమధ్య బాగా అమ్ముడవుతున్న 'మోడ్రన్ కిచెన్' సెట్టు కంటే పాతకాలపు రోలు-తిరగలి సెట్టుకే మా ఓటు. గ్యాస్ స్టవ్, సిలిండర్, మిక్సీ, ప్రెషర్ కుక్కర్ చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. స్టవ్ కాళ్లు నాలుగూ అతుకులే, కుక్కర్ పిడి అతుకే, మిక్సీ జార్ పిడి కూడా అతుకే. పైగా మిక్సీకి చేసే పని లేదు. బిడ్డ నోటితో 'గుర్ర్' అని రెండు రోజులు అంటుంది, మూడో రోజు దాన్ని బిందె కింద పీటగా వాడుతుంది. రోలు, తిరగలి అలా కావు. దంచితే శబ్దం వస్తుంది, తిప్పితే తిరుగుతుంది, అందులో వేసిన ఆకు నిజంగానే నలుగుతుంది.

అతుకులు చూశాక రెండో పరీక్ష లోతు. గిన్నె మూత తీసి లోపల చూడండి. చవక సెట్లలో బిందె, చెంబు లోపల తొలిచి ఉండవు. పైన చిన్న గుంట పెట్టి వదిలేస్తారు. లోపల తొలవడానికి పనితనం, సమయం రెండూ కావాలి, అక్కడే ధర తగ్గిస్తారు. పెద్దవాళ్ల కంటికి ఆ తేడా ఆనదు. పిల్లలకు మాత్రం ఏమీ పట్టని గిన్నె గిన్నే కాదు. పోయడం, ఒంపడం, నింపడం, మూత పెట్టి కాసేపాగి తీసి 'ఉడికిందా' అని చూడడం, గుజ్జనగూళ్లంటే అసలు ఆటంతా ఇదే. కనీసం నాలుగు గిన్నెలైనా చిటికెన వేలి మొదటి కణుపు లోపలికి దిగేంత లోతు ఉండాలి.

ముక్కల సంఖ్య చూసి మోసపోకండి. తాటాకు బుట్టలో ఇరవై, ముప్ఫై ముక్కలు పెట్టి ఇచ్చే సెట్టు బహుమతిగా బాగుంటుంది కానీ అందులో చాలాభాగం రెండు సెంటీమీటర్ల లోపు గ్లాసులు, గరిటెలే. ఆటకు మూతలతో కలిపి పదిహేను ముక్కలు చాలు: రోలూ రోకలీ, తిరగలి, పొయ్యి, మూతతో రెండు గిన్నెలు, బిందె, చెంబు, నాలుగు పళ్లేలు, ఒక గరిటె. ఎత్తు ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే మూడు నాలుగేళ్ల చేతికి సరిగ్గా సరిపోతుంది. పళ్లేలు మాత్రం నాలుగు ఉండాలి, తక్కువైతే వడ్డన ఉండదు. వండటం ఒక్కరే ఆడతారు. వడ్డన దగ్గరికి వచ్చేసరికి తాతయ్య, అమ్మమ్మ, పక్కింటి పాప, గోడకు ఆనించిన ఎలుగుబంటి బొమ్మ అందరూ పంక్తిలో కూర్చుంటారు. 'ఇంకొంచెం వేసుకో', 'కారం ఎక్కువైందా', 'మజ్జిగ పోయనా' అనే మాటలు వచ్చేది అప్పుడే.

మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కల సంగతి తేల్చుకున్నాకే బుట్ట విప్పాలి. ఆటబొమ్మల భద్రతకు వాడే కొలత గొట్టం అడ్డం సుమారు 3.2 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చు. పది రూపాయల నాణెం అడ్డం 2.7 సెంటీమీటర్లు. దుకాణంలో గిన్నె మూతను, గ్లాసును ఆ నాణెం పక్కన పెట్టి చూడండి. దానంత ఉన్నా, దానికంటే కాస్త పెద్దగా ఉన్నా చంటిపిల్లకు ఇవ్వొద్దు. చాలా సెట్లలో మూతలు, మూతల మీది బుడిపెలు, గరిటెలు ఈ లెక్కలోకే వస్తాయి. పెద్దమ్మాయికి ఐదేళ్లు, చిన్నవాడికి ఏడాదిన్నర ఉన్న ఇంట్లో చిన్న ముక్కలు వేరే సంచిలో కట్టి పైఅరలో పెట్టడం తప్ప దారి లేదు. పంచుకోమని చెబితే పంచుకుంటారు, ఇబ్బంది అక్కడే.

ఐఎస్‌ఐ గుర్తు గురించి తరచుగా అడుగుతుంటారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయింది. అయితే నమోదైన హస్తకళాకారులు చేసేవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. కాబట్టి లక్కపిడతల మీద గుర్తు లేకపోతే నకిలీ అనుకోనక్కర్లేదు. అలాగని వాటిని ఎవరో పరీక్షించి పంపారనీ అనుకోకూడదు. ఆ పని కొనేవాళ్లదే. తెల్ల చేతిరుమాలు కొస తడిపి గిన్నె పైభాగం మీద గట్టిగా పదిసార్లు రుద్దండి. మంచి లక్క పూత రంగు వదలదు. తర్వాత వాసన చూడండి. కిరసనాయిలు, థిన్నరు వాసన వస్తే అది లక్క కాదు, ఎనామిల్ పెయింటు. లక్కకు దగ్గర పెట్టుకున్నా పెద్దగా వాసన ఉండదు. కళ్లు, పువ్వులు, గీతలు లాంటి చిన్న అలంకారాలు బ్రష్షుతో వేసి ఉంటే అవి కూడా పెయింటే కావచ్చు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఆ అలంకారం లేని సెట్టే మేలు. వెలిసినట్టు, కాస్త మబ్బుగా కనిపించే పసుపు, ఇటుక ఎరుపు, ముదురు నీలం సహజ రంగులకు దగ్గరగా ఉంటాయి. మెరిసే గులాబీ, చిలకపచ్చ కనిపిస్తే ఏ రంగు కలిపారని అడగండి.

ఇక బయటికి తీసుకెళ్లడం గురించి. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద పెద్దవాళ్లు పులిహోర కలుపుతుంటే పక్కన పిల్లలు తమ వంట మొదలుపెట్టడం కంటే మంచి కాలక్షేపం లేదు. ఫోన్ అడగరు, కట్టెల పొయ్యి దగ్గరికి రారు. కానీ మొత్తం సెట్టు తీసుకెళ్తే సగమే తిరిగొస్తుంది. ఏడు ముక్కలు చాలు: రోలు, రోకలి, మూతలేని రెండు గిన్నెలు, మూడు పళ్లేలు. తిరగలి ఇంట్లోనే ఉంచండి. దాని రెండు బిళ్లల మధ్యకు ఇసుక చేరిందంటే లక్క గీరుకుపోతుంది, మధ్య మేకు బిగుసుకుంటుంది. ముక్కలన్నీ పాత నూలు తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టండి. కింద పరవడానికి చాప కూడా. ఉదయం తోటలో నేల మంచుకి తడిసి ఉంటుంది. కర్ర అడుగు తడి పీలిస్తే లక్క అంచు దగ్గర లేచి పెచ్చుగా వస్తుంది. చాప వేసే ముందు ఎర్ర చీమల పుట్ట లేకుండా చూసుకోవాలని వేరే చెప్పాలా.

తోటలో పిల్లలు వంటకు ఏం ఏరుకొస్తున్నారో మాత్రం కన్నేసి ఉంచాలి. ఈ సమీక్షలో అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. గురివింద గింజలు ఎర్రగా నల్లమచ్చతో ఎంతో అందంగా ఉంటాయి, చలికాలంలో కాయలు పగిలి దొరుకుతాయి, పైగా గుప్పెడు పోస్తే గిన్నెలో చూడచక్కగా ఉంటాయి. అవి విషం. రోట్లో వేసి పగలగొడితే ఇంకా ప్రమాదం, పైపెంకు గట్టిగా ఉన్నంతసేపే లోపలిది బయటికి రాదు. ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు, గన్నేరు ఆకులు, ఉమ్మెత్త కాయలు కూడా ఈ కోవలోవే. జిల్లేడు ఆకు తుంచితే పాలు కారతాయి, ఆ చేత్తో కన్ను నులుముకుంటే ఆస్పత్రికి పరుగే. వంటకు పనికొచ్చేవి మనమే చూపించి ఏరించాలి: ఉసిరాకులు, చింతాకులు, బంతిపూల రేకులు, మందార రేకులు, ఎండిన మామిడాకులు. చింతాకు రోట్లో వేసి దంచితే పప్పు, బంతి రేకులు పులిహోర. నిజమైన తిండి పెట్టాలనుకుంటే మెత్తని అటుకులు చాలు. పుట్నాలు, వేరుశనగ గుళ్లు చిన్నపిల్లల ఆటలో వద్దు, నవ్వుతూ పరిగెడుతూ తిన్నప్పుడు అవే ఊపిరికి అడ్డం పడతాయి.

నీళ్లు పోయొద్దు. ఇది పిల్లలకు చెప్పడం కష్టం, ఎందుకంటే బిందె చూడగానే వాళ్లకు తోచేది నీళ్లే. గిన్నెల లోపలి భాగానికి చాలావరకు లక్క పట్టరు, పూత లేని కర్రే ఉంటుంది. నీళ్లు నిలిస్తే కర్ర ఉబ్బి, ఆరేటప్పుడు పగులుతుంది. నీటి ఆట కావాలంటే పక్కన రెండు మట్టి పిడతలు పెట్టండి. కుమ్మరి దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి, పగిలినా బాధ ఉండదు. నీళ్ల పని వాటికి, దంచే పని లక్కపిడతలకు అని విభజిస్తే పిల్లలు తొందరగానే ఒప్పుకుంటారు.

లంబసింగి, అరకు వైపు తీసుకెళ్లేవాళ్లకు వేరే జాగ్రత్తలు. డిసెంబరు, జనవరిల్లో లంబసింగిలో మంచు చూడాలంటే తెల్లవారకముందే లేవాలి, చంటిపిల్లలతో అది అయ్యే పని కాదు. కుటుంబంలో ఒకరు పిల్లలతో గదిలో ఉండిపోవడమే నయం, ఎండ వచ్చేదాకా రెండు మూడు గంటలు గడవడానికి ఈ సామానే దిక్కు. గదిలో ఆడటానికి తిరగలి కూడా పట్టుకెళ్లొచ్చు. చలికి లక్కకేమీ కాదు, కాకపోతే చల్లబడ్డ పూత పెళుసెక్కుతుంది. సిమెంటు గచ్చు మీద పడితే పెచ్చు లేస్తుంది, దుప్పటి మీద ఆడించండి. చలిమంట దగ్గరకు మాత్రం అసలు తేవొద్దు. పెద్దవాళ్లు మంట చుట్టూ కూర్చుంటే పిల్లలు తమ గిన్నె కూడా ఆ సెగకు పెట్టాలనుకోవడం సహజం. లక్క డెబ్భై డిగ్రీల అటూ ఇటూ మెత్తబడుతుంది, చేతికి అంటుకుంటుంది, పూత మీద వేలిముద్రలు పడి అలాగే ఉండిపోతాయి. ఆగి ఉన్న కారులో డ్యాష్‌బోర్డు మీద పెట్టినా ఇదే తంతు. చలికాలమే కదా అనుకుంటాం కానీ మధ్యాహ్నం ఎండ అద్దంలోంచి సూటిగా పడితే ఆ బల్ల కాలిపోతుంది.

చలిదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు సంక్రాంతి కొలువు కోసమని ఈ సెట్లు తెప్పించుకుంటుంటారు. అక్కడ చిక్కు చలి కాదు, ఇంట్లో వేసే హీటరు. గది గాలి ఎండిపోయి కర్ర కుంచించుకుంటుంది, మూతలు వదులవుతాయి, పళ్లేల మీద సన్నని చీలికలు వస్తాయి. హీటరు గాలి సూటిగా తగిలే చోట కాకుండా, మూత ఉన్న డబ్బాలో దాస్తే చాలావరకు ఆగుతుంది.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ సెట్లు పాడవుతాయి. కడగకూడదని అందరికీ తెలుసు, అందుకని శానిటైజరుతో తుడుస్తారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే మెరుపు పోతుంది, రెండోసారికి రంగు గుడ్డకు అంటుతుంది, మూడోసారికి గిన్నె జిగటగా మారుతుంది. అది చూసి నకిలీ సరుకని అమ్మినవాళ్లను తిడతారు. పిల్లల తడి తుడుపుల్లో కూడా కొన్నిటిలో ఆల్కహాలు ఉంటుంది, ప్యాకెట్టు చదవండి. సబ్బు నీళ్లు, బట్టల సోడా కూడా లక్కను తింటాయి. పొడిగుడ్డతో తుడవడం, మరీ మురికిగా ఉంటే నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టడం, ఇంతే. నీడలో ఆరాలి, ఎండలో కాదు. పూత మీద తెల్లటి మబ్బులా వస్తే భయపడొద్దు, అది పట్టిన తడి. చాలాసార్లు రెండు మూడు రోజులు గాలికి వదిలేస్తే పోతుంది.

వానాకాలం దాచాక తీసి చూస్తే అడుగున మైదాలాంటి పొడి, గిన్నెకు సూదిబెజ్జాలు కనిపిస్తే అది కర్రపురుగు. మిగతా ముక్కల నుంచి వెంటనే వేరుచేయాలి. పిల్లలు ఆడే సామాను మీద పురుగుమందు కొట్టొద్దు. ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా బిగించి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచి, తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానిచ్చి, అప్పుడు తెరవాలి. తిరగలి బిగుసుకుంటే పై బిళ్లను బలంగా పీకొద్దు. వారం రోజులు పొడిచోట పెడితే కర్ర తగ్గి తనే వదులుతుంది, తర్వాత మేకుకు కొవ్వొత్తి మైనం పూయండి. నూనె రాస్తే దుమ్ము పట్టి మళ్లీ బిగుస్తుంది.

మిగతా రకాలతో పోలిస్తే స్టీలు బొమ్మసామాను కడగడానికి వీలు, నీళ్లాటకు మేలు, చవక రకాల అంచులు మాత్రం వేలు కోస్తాయి. ప్లాస్టిక్ గురించి చెప్పేదేమీ లేదు, అందరికీ తెలిసిందే. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలు కూడా ఇదే జాతి కర్ర, ఇదే లక్క పని. నునుపు ఎక్కువ, పిల్లల వయసుకు తగ్గ పెద్ద ముక్కలు సులువుగా దొరుకుతాయి, కానీ మన రోలు, తిరగలి, బిందె ఆకారాలు ఏటికొప్పాక వాళ్లవే అచ్చంగా ఉంటాయి. కొండపల్లి బొమ్మల్ని ఈ ఆటలోకి లాగొద్దు. తెల్లపొణికి కర్ర మరీ తేలిక, ముక్కల్ని చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి పైన రంగులు వేస్తారు. అవి కొలువులో ఉండాల్సినవి.

కొలువు మాటొచ్చింది కాబట్టి, సంక్రాంతికి మెట్ల మీద పెట్టిన లక్కపిడతల్ని 'ముట్టుకోకు' అని నాలుగేళ్ల పిల్లకు చెప్పడం వృథా. పెద్దమ్మాయిల సెట్టు పైమెట్టున, ఆడుకునే సెట్టు కింది మెట్టున పెట్టి, కింది మెట్టు పిల్లలదని ముందే ప్రకటిస్తే పేరంటం ప్రశాంతంగా జరుగుతుంది.

కొనడానికి మూడు దారులు. ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి ఎంపోరియాల్లో సరుకు నమ్మకం, ధర స్థిరం, కానీ సెట్టు విప్పి ముక్కలు మార్చుకోనివ్వడం అరుదు. ఆన్‌లైన్‌లో కొలతలు రాయని సెట్టు కొనొద్దు, ఫోటోలో బిందె ఎంత పెద్దగా కనిపించినా చేతికొచ్చేది బొటనవేలంత కావచ్చు. విశాఖ-తుని హైవే మీద వెళ్తుంటే నక్కపల్లి దుకాణాల్లోనూ దొరుకుతాయి, కాస్త లోపలికి తిరిగి ఏటికొప్పాక వెళ్తే చేసేవాళ్ల దగ్గరే కొనొచ్చు. ఊళ్లో లాభం ధర తగ్గడం కాదు, కావాల్సిన ముక్కలు ఏరుకోవడం, లోతు ఎక్కువ పెట్టమని చెప్పి చేయించుకోవడం. పోయిన మూతకు బదులు మూత కూడా చేసిస్తారు. కొలత రాసుకెళ్తే సరిపోదు, వాడగా వాడగా కర్ర గుండ్రం కాస్త మారుతుంది. గిన్నెనే పట్టుకెళ్లండి, అక్కడే బిగువు చూసి తీసుకోవచ్చు.